ఎదురుమంచం మనిషి

మార్చి 4, మంగళవారం

అక్కా,

నా పక్కమంచం ఆయన ఈ ఉదయం ఆరున్నరకి చనిపోయాడు. ఏడున్నరకి మాకు రొట్టె, గుడ్డు ఇచ్చారు. అప్పటికే ఆ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

ఆయన్ని మేం వాచీలాయన అనేవాళ్లం. బయట వాచీలు బాగుచేసే కొట్టు ఉంది. ఇక్కడ చేరేటప్పుడు ఫోన్లతో పాటు చేతి వాచీలు కూడా తీసేసుకుంటారు. ఆ రోజు పెద్ద రగడ చేశాడట. "కావాలంటే చొక్కా విప్పిస్తాను, దీని జోలికి రాకండి" అన్నాడట. వాళ్లు వినలేదు. ఆ తర్వాత ఎవరు టైమెంతని అడిగినా ఖాళీ మణికట్టు చూసుకుని చెప్పేవాడు. చాలాసార్లు సరిపోయేది. సరిపోకపోతే "మీ గోడగడియారం తప్పు" అనేవాడు.

ఆయన నాకంటే ముందు చేరాడు. నాకు రెండు ఇంజెక్షన్లు అయ్యేసరికి ఆయనకి మూడూ అయిపోయాయి. మూడోది అయిన కొన్నాళ్లకి కుడి పాదం తెలియట్లేదన్నాడు. చెప్పు ఊడిపోయినా తెలియక, ఒంటి చెప్పుతో స్నానాలగది దాకా వెళ్లేవాడు. మేం నవ్వాం. ఆయనా నవ్వాడు. తర్వాత మోకాలు, ఆ తర్వాత నడుము. ఆదివారం చొక్కా గుండీ పెట్టుకోలేక నన్ను పిలిచాడు. "వెంట్రుకంత స్ప్రింగు బిగించిన వేళ్లోయ్ ఇవి" అన్నాడు. గుండీ నేను పెట్టాను. నిన్న సాయంత్రం మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం మొదలుపెట్టాడు.

పెద్ద డాక్టరు వచ్చి మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఆయనకి గుండెజబ్బు ఉందట, దాచిపెట్టి చేరాడట, వీళ్లు మా మీద పరీక్షిస్తున్న మందుకి సంబంధం లేదట. చేరేముందు మా గుండెలు పరీక్ష చేసింది వీళ్లే. ఆ మాట ఎవరో అంటే, "ఇబ్బందిగా ఉన్నవాళ్లు ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు, మేం పట్టుకుని కూర్చోలేదు" అన్నాడు. ఎవరూ లేవలేదు. మూడు ఇంజెక్షన్లూ పూర్తిచేసినవాడి ఇంటి రోగికే ఈ మందు ఇచ్చే మొదటి జట్టులో చోటు అని వీళ్లు మాటిచ్చారు. మధ్యలో లేచిపోతే ఆ చోటు పోతుంది. మేనమామగా నేను మన పిచ్చుక కోసం వచ్చినట్టే, ఇక్కడున్న ప్రతివాడూ ఎవరో ఒకరి కోసం వచ్చాడు. వాచీలాయన తన పెద్దకొడుకు కోసం వచ్చాడు.

నాది వరసలో చివరి మంచం. ఒక పక్క కిటికీ, ఇంకో పక్క ఇప్పుడు ఖాళీ. ఎదురుగా మంచం లేదు. చేతులు కడుక్కునే సింకు, దాని మీద అద్దం. పొద్దున్న లేవగానే కనపడేది నా మొహమే. డ్రైవింగ్ పరీక్షలో మూడోసారి తప్పినవాడి మొహంలా ఉంటుంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో అలాంటివాళ్లని చాలామందిని చూశాను కాబట్టి చెప్తున్నాను.

నాకేమీ లేదు. మూడోది ఇరవయ్యో తారీకున. ఈలోగా నువ్వూ బావా కూర్చుని ఆలోచించండి. ఈ మందు పిచ్చుకకి ఇప్పించాలా?

తమ్ముడు

* * *

మార్చి 9, ఆదివారం

ఒరేయ్ తమ్ముడూ,

ఆ కుడి పాదం ఎవరిదో నాకు తెలిసిపోయిందిరా.

మనింట్లో ఎవరైనా ఎప్పుడైనా "నాకు ఒంట్లో బాలేదు" అన్నారా? అమ్మ చివరిదాకా అనలేదు. "పక్కింటావిడకి కాళ్లు లాగుతున్నాయట" అనేది. మనం లేచి అమ్మకి వేణ్ణీళ్లు కాచేవాళ్లం. పక్కింట్లో ఆవిడెవరూ లేరు, అది సైకిళ్ల షాపు. నీకు పరీక్షల ముందు జ్వరం వస్తే "మా క్లాసులో ఒకడికి ఒళ్లు కాలిపోతోంది" అనేవాడివి. నేను కాపురానికి వచ్చాక కూడా ఇదే అలవాటు. పిల్ల కడుపులో ఉన్నప్పుడు "మా షాపులో ఒకమ్మాయికి వాంతులు" అంటే మీ బావ "పాపం, సెలవిప్పించు" అన్నారు. పరాయి ఇంటి మనిషికి ఎలా తెలుస్తుంది?

అందుకని నీ ఉత్తరం చదివి ఆ ఆఫీసుకి ఫోన్ చేశాను. కోఆర్డినేటర్ ఎత్తింది. "పక్కమంచం ఆయన పోయారటగా" అన్నాను. "ఎవరూ పోలేదండీ. ఒకాయన సొంత పనుల మీద ఇంటికెళ్లారు" అంది. ఎంత తాపీగా చెప్పిందో. సరే, మనిషి పోలేదు, వీడే భయపడి అంతదాకా ఊహించుకున్నాడు, పాదం మాత్రం నిజం అనుకున్నాను. "మా తమ్ముడికి కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, వాడు నోరు విప్పి చెప్పడు, కాస్త చూడండి" అన్నాను. "తప్పకుండా చూస్తామండీ" అంది. చూశారా?

పిచ్చుక సంగతి. బడి మెట్లు ఇప్పుడు ఎక్కలేకపోతోంది. వాళ్ల టీచరు క్లాసునే కింది గదికి మార్చింది. పిల్లలంతా సంబరపడ్డారట, కింద గదిలో ఫ్యాను బాగా తిరుగుతుందని. చెంచా రెండు చేతులతో పట్టుకుంటోంది. నరాల డాక్టరు ఈసారి ఛాతీ కూడా కొట్టి చూశాడు. అమ్మకి నలభై దాటాక వచ్చిన జబ్బు దీనికి ఎనిమిదేళ్లకే ఎలా వచ్చిందో తనకీ తెలియదన్నాడు. వచ్చే ఏడాదికి ఊపిరి మీదికి వస్తుందన్నాడు. ఆ మాట పిల్ల ముందే అన్నాడు. అది బల్ల మీదున్న ఎముకల బొమ్మ వేళ్లు లెక్కపెడుతోంది, విన్నదో లేదో.

షాపులో నా పని మామూలే. నిన్న ఒక పెద్దమనిషి కొత్త కళ్లద్దాలు వెనక్కి తెచ్చాడు. "వీటితో మా ఆవిడ మరీ స్పష్టంగా కనపడుతోందమ్మా, పవరు కొంచెం తగ్గించు" అన్నాడు. నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి.

ఆలోచించమన్నావు. మీ బావ బేకరీ నుంచి వచ్చి, పొయ్యి వేడికి ఎర్రబడ్డ మొహంతో ఒకే మాట అన్నారు. "ఆలోచించడానికి ఇంకో మందుందా?"

కాలు జాగ్రత్త. ఇక్కడ వేణ్ణీళ్లు కాచినా అక్కడికి చేరవు కదా.

అక్క

* * *

మార్చి 14, శుక్రవారం

అక్కా,

ఎంత పని చేశావే!

నీ ఫోను తర్వాత రెండు రోజులు నా కాళ్లు నావి కావు. సూదులతో పొడిచారు, మేకుల్లాంటివేవో వేడిచేసి తాకించారు, కళ్లు మూసుకుని గీతమీద నడవమన్నారు. అన్నీ తెలిశాయి. బాగా తెలిశాయి. నా పాదాలకి ఏ రోగమూ లేదు. పెద్ద డాక్టరు నా మంచం మీద కూర్చుని, "మీ ఇంట్లోవాళ్లకి మా మీద నమ్మకం లేనట్టుంది. ఇష్టం లేకపోతే చెప్పండి, మీ చోటు కోసం బయట చాలామంది ఉన్నారు" అన్నాడు. నా చోటంటే పిచ్చుక చోటు. బతిమాలాను. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. మా అక్కకి కంగారెక్కువ, చిన్నప్పుడు తలమీద దెబ్బ తగిలింది అని కూడా చెప్పాను. ఆ అబద్ధానికి మాత్రం క్షమించు.

వాచీలాయన పోయాడు. నేను గుండీ పెట్టిన మనిషి. పాదం ఆయనది, మోకాలు ఆయనది, ఊపిరి ఆయనది. ఇంటికెళ్లాడని వాళ్లంటే నువ్వు నమ్మావు, పోయాడని నేనంటే నమ్మలేదు. నా తప్పు కాదు, నీ తప్పూ కాదు, అది అమ్మ అలవాటు. దాన్ని ఇవాళ్టితో వదిలేద్దాం. ఇకమీద నేను ఎవరి గురించి రాస్తే అది వాళ్ల గురించే. నా గురించి అయితే "నాకు" అని రాస్తాను. నువ్వు దేనికీ అర్థాలు తీయకు, ఎవరికీ ఫోన్లు చేయకు. రాసింది రాసినట్టు చదువుకో. నా మీద ఒట్టు.

మూడోది వేయించుకుంటాను. నీ ఉత్తరం రానంతవరకు వద్దనే అనుకున్నాను. చెంచా రెండు చేతులతో పట్టుకుంటోందని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. వాచీలాయనకి నిజంగానే గుండెజబ్బు ఉండి ఉండొచ్చు. నా గుండె గట్టిది. డ్రైవింగ్ స్కూల్లో పదకొండేళ్లు పక్క సీట్లో కూర్చున్నవాడి గుండె అది. ఎదురుగా లారీ వస్తుంటే నేర్చుకునేవాడు స్టీరింగ్ వదిలేసి కళ్లు మూసుకున్నా ఆగలేదు. నా వైపు బ్రేకు నేను తొక్కాను, అంతే.

పిచ్చుకకి చెప్పు, మావయ్య వచ్చాక కారు దానిచేతే నడిపిస్తాడని. బ్రేకులు రెండూ నావే.

తమ్ముడు

* * *

మార్చి 19, బుధవారం

తమ్ముడూ,

నన్ను తిట్టు. పడతాను.

ఒట్టేశావు కాబట్టి ఇక అర్థాలు తీయను. వాచీలాయన పోయాడంటే పోయాడు. అయితే ఒక్క మాట చెప్తాను, ఏమనుకోకు. ఆయన గుండెజబ్బుతోనే పోయాడనుకుంటే నాకు నిద్రపడుతోంది. నన్ను అలాగే అనుకోనీ.

నిన్న వాళ్లే ఫోన్ చేశారు. పిచ్చుక పేరు మొదటి జట్టులో ఉంది, నీ మూడోది పూర్తయితే ఖాయమట. ఏప్రిల్ పన్నెండున తీసుకురమ్మన్నారు, పద్నాలుగున మొదటి డోసు. ఫోన్ పెట్టేశాక నాకు ఎవరితో చెప్పాలో తెలియలేదు. షాపులో అద్దాలు అరగదీసే యంత్రం ఆపి, అక్కడే కూర్చున్నాను. మా ఓనరు వచ్చి "కరెంటు పోయిందా?" అంటాడు.

మీ బావ చుట్టాలందరికీ చెప్పేశారు. చెప్పొద్దన్నాను. "మంచిమాట చెప్పడానికి కూడా భయమేనా మీ ఇంట్లో?" అన్నారు. రాత్రి పిల్లకి కాళ్లు రాస్తూ "నా బావమరిదిలాంటి మనిషి ఉండడు" అన్నారు. నీ ఎదురుగా ఎప్పుడూ అనరు కాబట్టి రాస్తున్నాను.

పిచ్చుక నీకు రాయమని చెప్పినది ఉన్నదున్నట్టు: "మావయ్యా, నేను బ్రేకు కూడా తొక్కుతాను. నువ్వు ఊరికే కూర్చో."

ఇది అందేసరికి మూడోది అయిపోయి ఉంటుంది. ధైర్యంగా ఉండు.

అక్క

* * *

మార్చి 25, మంగళవారం

అక్కా,

మూడోది అయిపోయింది. పిచ్చుక చోటు ఖాయమని కోఆర్డినేటర్ స్వయంగా వచ్చి చెప్పింది. బావకి చెప్పు.

ఇక్కడ అంతా బాగుంది. ఇప్పుడు ఉత్తరాలు కవరు అంటించకుండా ఇస్తే సరిపోతుంది. స్టాంపు కూడా వాళ్లే అంటిస్తారు. మంచి ఏర్పాటు.

నాకు పొద్దుపోక ఎదురుమంచం అతన్ని చూస్తూ కూర్చుంటున్నాను. నా ఈడువాడే. శనివారం నుంచి అతనికి కుడి పాదం తెలియట్లేదు. మంచం దిగితే నేల తగిలిందో లేదో కళ్లతో చూసుకుంటే గానీ అడుగెయ్యడు. పనిలోకి వెళ్లాక ఆ కాలితో ఏం చేస్తాడో అనిపిస్తుంది. ఎవరితోనూ చెప్పలేదు. చెప్తే ఏమవుతుందోనని. అతని కోసం కూడా ఇంటిదగ్గర ఒక పిల్ల ఎదురుచూస్తోంది.

అమ్మ ఉంటే అతన్ని చూసి ఊరుకునేది కాదు. లేచి వేణ్ణీళ్లు కాచేది.

నువ్వే చెప్పు అక్కా, అతను ఏం చెయ్యాలి? నీ సలహా అడిగానని చెప్పాను. నీ ఉత్తరం వచ్చేదాకా ఆగుతానన్నాడు.

తమ్ముడు

* * *

మార్చి 31, సోమవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చూసి ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. మూడోది అయిపోయిందన్న వాక్యం మీ బావ పైకి చదివించుకున్నారు. ఎప్పుడూ లేనిది, బేకరీ నుంచి కేకు ముక్క తెచ్చారు. అంచు మాడిన ముక్కే అనుకో, అమ్మకానికి పనికిరానిది.

ఎదురుమంచం అతని గురించి చదివి బాధేసింది. నువ్వు చెప్పినట్టే ఏ అర్థమూ తీయకుండా, రాసింది రాసినట్టు చదివాను. ఫోనూ చేయలేదు. అమ్మ సంగతి నిజమే. పరాయివాళ్లన్నా ఆవిడకి అంత జాలి.

సలహా అడిగావు. నేనేం పెద్ద దాన్నని చెప్పను? అయినా మనసులో ఉన్నది రాస్తాను. ఒరేయ్, అతను ఇప్పుడు గొడవ చేస్తే ఏమవుతుంది? మొత్తం ఆపేస్తారు. ఆపేస్తే పద్నాలుగో తారీకు ఉండదు. పిచ్చుకకి నిన్న అన్నం మింగేటప్పుడు పొరబోయింది, ఊపిరి తిరగడానికి చాలాసేపు పట్టింది. వీపు నిమురుతూ నేను తారీకులు లెక్కపెట్టుకున్నాను. అతని పిల్లకీ అదే కదా. పాదమే కదా తెలియనిది, ప్రాణం మీదికి రాలేదు కదా. పద్నాలుగు దాటేదాకా ఓర్చుకోమను. నా మాటగా చెప్పు. ఒక ఆడపిల్ల తల్లి చేతులు జోడించి అడిగిందని చెప్పు.

ఇలా అడగడం మంచిది కాదని నాకూ తెలుసు. అతని అక్క ఎవరైనా ఈ ఉత్తరం చదివితే నన్ను ఏమంటుందో. కానీ నాకు అతను తెలియదు, పిచ్చుక తెలుసు.

పన్నెండున బయల్దేరి వస్తున్నాం. నిన్ను చూడనిస్తారా? నీకు కొత్త లాల్చీ కుట్టించాను. గుండీలు కాదు, తాడు ముళ్లు పెట్టించాను. ఎందుకో ఆ గుండీ సంగతి చదివినప్పట్నుంచి గుండీలు చూడబుద్ధి కావట్లేదు.

అక్క

* * *

ఏప్రిల్ 5, శనివారం

అక్కా,

ఈ ఉత్తరం ఆఫీసు వాళ్లకి ఇవ్వలేదు. దుప్పట్లు ఉతకడానికి తీసుకెళ్లే అతను మాసిన బట్టల మూటలో పెట్టుకుని వెళ్తానన్నాడు. ఇది మాత్రం రాసింది రాసినట్టు చదువు. పోయిన ఉత్తరం వాళ్లు చదివాక నీకు వచ్చింది.

ఎదురుమంచం లేదు. నా మొదటి ఉత్తరంలోనే రాశాను, ఎదురుగా ఉన్నది సింకూ అద్దమూ అని. ఆ పాదం నాది.

అమ్మ పేరు ఎత్తితే పట్టేస్తావనుకున్నాను. ఒట్టు వేయించుకున్నది నేనే అన్న సంగతి కవరు వెళ్లిపోయాక గుర్తొచ్చింది. నీది తప్పేం లేదు. నువ్వు మాట మీద నిలబడ్డావు.

నువ్వు అడిగినట్టే అతను ఓర్చుకున్నాడు. నీ ఉత్తరం గురువారం వచ్చింది. అప్పటికే నేను లేచి చెప్దామా అనుకుంటున్నాను, చదివి మళ్లీ పడుకున్నాను. నిన్న స్నానాలగదిలో పడ్డాక ఇక దాచడానికి లేకపోయింది. కుడికాలు మోకాలు దాకా పోయింది. ఎడమ పాదం మొదలైంది. వాచీలాయనకి ఏ వరసలో వచ్చిందో అదే వరస. నడుముకి వచ్చాక ఆయన ఎక్కువ రోజులు లేడు.

పెద్ద డాక్టరుతో "నేను వెళ్లిపోతాను" అన్నాను. "తప్పకుండా. సంతకం పెట్టి నడుచుకుంటూ వెళ్లండి" అన్నాడు. వెటకారంగా అనలేదు. అతను మామూలుగానే అన్నాడు. తర్వాత తనే తలుపు వేసుకుంటూ, "ఇక్కడుంటే చూసేవాళ్లుంటారు. బయట ఈ మందు పేరు కూడా ఎవరికీ తెలియదు, మీకు వైద్యం ఎవరు చేస్తారు?" అన్నాడు. అది నిజమే. దీనికి విరుగుడు ఏమిటని అడిగాను. "అదే కదా మనం కనుక్కుంటున్నది" అన్నాడు. మనం అన్నాడు.

పిచ్చుకని తీసుకురావద్దు. ఇది రాయడం నాకు ఎంత కష్టంగా ఉందో నీకు తెలుసు. నేను వచ్చిందే దానికోసం. ఒకవేళ ఈ మందు దాని జబ్బుకి పనిచేస్తుందేమో, నాకు తెలియదు. జబ్బు లేని నరాల్ని ఏం చేస్తుందో మాత్రం నా మంచం మీద కూర్చుని చూస్తున్నాను. బావ ఒప్పుకోకపోతే ఈ కాగితం చూపించు. పోలీసులకి చెప్తావో, పేపరువాళ్లకి చెప్తావో నీ ఇష్టం. ముందు మాత్రం రైలు ఎక్కొద్దు.

చెయ్యి ఇంకా బాగానే ఉంది, అక్షరాలు చూస్తే తెలుస్తుందిగా.

నీ తమ్ముడు

* * *

ఏప్రిల్ 13, ఆదివారం

తమ్ముడూ,

మేం ఇక్కడే ఉన్నాం. మీ పై అంతస్తు, పిల్లల వార్డు, మెట్ల పక్క గది. నీ కిటికీకి సరిగ్గా పైన మా కిటికీ అని ఆయా చెప్పింది.

నీ ఉత్తరం శుక్రవారం సాయంత్రం అందింది. పెట్టెలు సర్దేశాం. అది చదివి పెట్టెలోంచి పిల్ల బట్టలు తీసి మళ్లీ బీరువాలో పెట్టాను. మీ బావ వచ్చి ఏమిటిది అన్నారు. ఉత్తరం ఇచ్చాను. గుమ్మంలో నిలబడే చదివారు. "నీ తమ్ముణ్ణి చూసొద్దాం, పద. పిల్లని తీసుకెళ్తేనే గేటు తీస్తారు. మందు సంగతి అక్కడ తేల్చుకుందాం" అన్నారు. నేను సరేనన్నాను. ఆయన నన్ను మోసం చేయలేదు. ఇద్దరం కలిసి అలా అనుకున్నాం.

నిన్ను చూడనివ్వలేదు. పెద్ద డాక్టరుకి నీ ఉత్తరం చూపించాను. పైన ఉన్న నాలుగు వాక్యాలు మడతపెట్టి పట్టుకున్నాను, ఎందుకో నీకు తెలుసు. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి మిగతాదంతా చదివాడు. కోపం రాలేదు.

"ఇదంతా మాకు తెలుసమ్మా. మీ తమ్ముడి వల్లే తెలిసింది. అందుకే పిల్లల డోసు సగానికి తగ్గించాం. ఆయన మీ అమ్మాయికి ఎంత మేలు చేశాడో చూడండి" అన్నాడు.

"వాచీలాయన వల్ల తెలియలేదా?" అన్నాను.

"ఎవరాయన?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

"మా వాడు నడుస్తాడా?"

"చూస్తున్నాం."

"మా పిల్లకి ఇలా కాదని రాసిస్తారా?"

"ఇవ్వకపోతే ఏమవుతుందో మీ నరాల డాక్టరు చెప్పాడుగా. అది మాత్రం ఎవరైనా రాసిస్తారు."

బయట బెంచీ మీద కూర్చుని మీ బావా నేనూ పోట్లాడుకున్నాం. గట్టిగా కాదు, పక్కన ఇంకో తల్లీదండ్రీ అదే పోట్లాట పెట్టుకుని ఉన్నారు. "తీసుకెళ్లిపో. నేను ఆపను. కానీ వచ్చే ఏడాది దానికి ఊపిరి ఆడనప్పుడు నావైపు చూడకు" అన్నారు. "ఇప్పించి, కాళ్లు పోయి, ఆ తర్వాత ఊపిరి పోతే మీరు నావైపు చూడగలరా?" అన్నాను. ఆయన చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. సాయంత్రం సంతకం పెట్టారు. నేను ఆయన పక్కనే ఉన్నాను. చెయ్యి పట్టుకోలేదు, ఆపలేదు.

ఊరు వదిలేముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. అక్కడ ఉన్నతను చదివి, "మీవాడు తనంతట తనే చేరాడా?" అన్నాడు. చేరాడన్నాను. "మరి?" అన్నాడు. పేపరాఫీసులో ఒకతను మాత్రం అన్నీ రాసుకున్నాడు. నిజమో కాదో చూసుకుని వేస్తామన్నాడు, ఒక వారం పడుతుందన్నాడు.

పిచ్చుకకి నువ్వు కింద ఉన్నావని చెప్పాం. పొద్దున్నుంచి కిటికీ దగ్గరే. "మావయ్యా" అని అరిస్తే నర్సు కోప్పడింది. ఇప్పుడు పాడుతోంది, పాడకూడదని నర్సు చెప్పలేదట. మధ్యమధ్యలో ఊపిరి కోసం ఆగి మళ్లీ అందుకుంటోంది. నీకు వినపడుతోందా?

ఓర్చుకోమన్నది నేను. దాని గురించి ఇక్కడ రాయను, రాయడం మొదలుపెడితే అడగాల్సింది అడగలేను.

ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు రాసి ఎనిమిది రోజులైంది. అది మోకాలి దగ్గరే ఆగిందా, పైకి వచ్చిందా? ఆగితే, ఆగే గుణం దానికి ఉందని, సగం డోసుతో పిల్ల తట్టుకుంటుందని నన్ను నేను ఒప్పించుకుంటాను. నడుముకి వచ్చిందంటే పిల్లని భుజాన వేసుకుని ఈ మెట్లు దిగి వెళ్లిపోతాను, మీ బావ వచ్చినా రాకపోయినా. సూది గుచ్చే క్షణం దాకా తల్లి వద్దనొచ్చని ఇక్కడ గోడమీద రాసి ఉంది. నీకు నువ్వే సమాధానం రాయి. ఎవరి మీదా పెట్టకు. "నాకు" అని రాయి. రెండు ముక్కలు చాలు.

ఇది కోఆర్డినేటర్ చేతికే ఇస్తున్నాను, అంటించకుండానే. వాళ్లు చదివితే చదవనీ. తప్పకుండా అందిస్తానంది.

రేపు ఎనిమిదింటికి పిల్లకి రక్తం తీస్తారు. తొమ్మిదింటికి ఇంజెక్షను. మీ వార్డులో ఉత్తరాలు పంచేది పదింటికట.

అక్క